చాయ్ మామ డబ్బాలో మా తమ్ముడు

నా చిన్నప్పుడు వనపర్తిలో ఒక మనిషి నల్లగుడ్డ భుజాన వేసుకుని మా వీధి మొదట్లో కనిపించాడంటే చాలు, ఆడవాళ్లు పిల్లలను లోపలికి లాక్కుని తలుపులు వేసుకునేవారు. ఆయన దొంగ కాదు, మంత్రగాడు కాదు. బజారులో చాయ్ హోటల్లో గ్లాసులు అందించే మనిషి, సాయిబుల ఇంటివాడు. పిల్లలం చాయ్ మామ అనేవాళ్లం. ఆయనకు ఒక పాత ఫొటో డబ్బా ఉండేది, మూడు కాళ్ల మీద నిలబెట్టి నల్లగుడ్డ కప్పేది. జాతరల్లో ఫొటోలు తీసుకుని బతికిన ఒక ముసలాయనకు చూపు పోతే, ఆయన దగ్గర తీసుకున్నాడట.

ఆ డబ్బా అంటే అంత భయం ఎందుకంటే, అది చావు జరిగిన ఇంటికే వచ్చేది. బతికుండగా ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మా దిక్కు అందరి నమ్మకం. ఎవరూ దిగేవారు కాదు. తీరా మనిషి పోయాక, అయ్యో, రేపటి నుంచి ఈ ముఖం ఎక్కడ చూస్తామని గుండెలు బాదుకునేవారు. అప్పుడు చాయ్ మామకు కబురు పోయేది. శవానికి స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా రొమ్ము చుట్టూ తువ్వాలు వేసి కుర్చీకి కట్టేవారు. ఇంటివాళ్లు చుట్టూ నిలబడేవారు. మామ డబ్బా మూత తీసి, ఊపిరి బిగబట్టినంతసేపు ఆగి, మళ్లీ మూత పెట్టేవాడు. అంతసేపూ కదలకూడదు. ఏడ్చేవాళ్లు కదలకుండా ఎట్లా ఉంటారు? అందుకే ఆ ఫొటోల్లో పోయినవాళ్లే తేటగా వచ్చేవారు. బతికున్నవాళ్లంతా పొగలాగా చెదిరిపోయేవారు. మా తాతయ్య ఫొటో అట్లాంటిదే. తాతయ్య మీసంలో ఒక్కొక్క వెంట్రుకా కనిపించేది. పక్కన మా నాయన, నాయనమ్మ ముఖాలు లేని మనుషుల్లాగా ఉండేవారు. అది వేలాడే గోడ దిక్కు చూడకుండా నడిచేదాన్ని.

హోటల్‌కు పొద్దున్నే పాలు నేనే తీసుకుపోయేదాన్ని. మామ గ్లాసులు కడుగుతూ తనలో తాను మాట్లాడుకున్నట్టు నాతో మాట్లాడేవాడు. ఎవరు చాయ్ ఎట్లా తాగుతారో అంతా ఆయన కంట్లో ఉండేది. పల్లికాయ బండి తోలుకొచ్చిన రైతు గ్లాసును రెండు చేతులా పట్టుకుంటాడని, కచేరీ జవాను తాగినంతసేపూ వాకిలి దిక్కే చూస్తాడని, ఆ ముఖాలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద పెట్టాలని తన ఆశ అని చెప్పేవాడు.

"ఏం జెయ్యాలె బిడ్డా, బతికున్నోళ్లు నా డబ్బ ముంగట నిలవడరు. సచ్చినోళ్లైతే ఎంత జెప్తె గంత ఇంటరు" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

హోటల్ వెనక చీకటి గదిలో ఫొటోలు కడుగుతాడని అందరికీ తెలుసు. చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు ఊరుకుంటారా? "సాయిబూ, ఈ సాసర్ల ఎవని మొఖం కడిగినవ్?" అని ఒకాయన అంటే, "నీది కడుగుదామనుకుంటె నువ్వింక సావకపోతివి" అని మామ అనేవాడు. అందరూ నవ్వేవారు. నవ్వినాక ఒక్కొక్కరే గ్లాసు పెట్టేసి లేచిపోయేవారు.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. ఎక్కడ చూసినా నీళ్లు నిలిచి దోమలు ముసిరాయి. ఇంటింటా జ్వరాలు. మామ నల్లగుడ్డ ఈ వీధిలో ఒకనాడు, ఆ వీధిలో ఒకనాడు కనిపించేది. నాయనకు ఏం తోచిందో, మనం అందరం ప్రాణంతో ఉండగానే ఒక ఫొటో దిగుదామన్నాడు. నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "సావును బొట్టు పెట్టి పిలుస్తున్నవా కొడుకా" అంది. నాయన మొండివాడు. వినలేదు.

వాకిట్లో నిలబడ్డాం. నాకు మెడ మీద చెమట కారుతుంటే గోక్కున్నాను. నాయనమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి, దేవున్ని తలుచుకుంటోంది. అమ్మ ఒళ్లో మా తమ్ముడు. అప్పుడే మాటలు కూడగట్టుకుంటున్న పసివాడు. వాడు మాత్రం డబ్బా వైపు చూస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. చూడవచ్చిన పక్కింటి అక్క, "ఎంత బుద్ధిమంతుడమ్మా" అని మెటికలు విరిచింది. అంతకు ముందు వారం నుంచీ అందరిదీ అదే మాట. ఏడవడు, అల్లరి చేయడు, పెడితే తింటాడు, లేకుంటే లేదు.

మరునాడు మామ ఫొటో తెచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప అవతలే నిలబడి నాయన చేతికిచ్చాడు. అందులో మేమంతా పొగ. నేను పొగ, అమ్మ పొగ. మధ్యలో మా తమ్ముడు ఒక్కడే తేటగా, కనురెప్పలతో సహా. వాడి చెంప మీద ఒక ఈగ వాలి ఉంది, అది కూడా తేటగా.

నాయనమ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నీ డబ్బ నా మనుమన్ని మింగెగదరా!" అని కింద కూలబడింది. నాయన మూలనున్న కట్టె తీసుకున్నాడు. మామ వెనక్కి జరగలేదు.

"కొట్టుర్రి, తర్వాత కొట్టుర్రి. నాకు వైద్యం తెల్వదు. కానీ గంత చిన్న పోరడు, మొఖం మీద ఈగ వాలితె చెయ్యి లేపకుంట కూసునుడేంది? నా డబ్బ ముంగట గట్ల కూసునేది ఎవలో నాకు తెలుసు. చెల్లె, పోరన్ని దవాఖానకు తీస్కపో. ఇప్పుడే పో."

నాయనమ్మ ఎండుమిర్చి దిష్టి తీయాలంది. ఫొటో కాల్చాలంది. దవాఖానకు పోయినవాళ్లు పాడె మీదే వస్తారంది. మా అమ్మ ఆ ఇంట్లో నాయనమ్మ ముందు గొంతెత్తి ఎరగని మనిషి. అప్పుడూ ఎత్తలేదు. వాడిని భుజాన వేసుకుని గడప దాటింది.

ముందు చాయ్ మామ, వెనక అమ్మ, అమ్మ కొంగు పట్టుకుని నేను. మామను, ఆ వెనకే వేలాడుతున్న పిల్లవాడి తలను చూసి వీధి వీధంతా తలుపులు పడ్డాయి. ఎవరో అప్పుడే శోకం మొదలుపెట్టారు. అమ్మ అటు చూడలేదు. నేను మాత్రం తమ్ముడి కాలి వేళ్లనే చూస్తూ నడిచాను. అవి ఊగుతున్నాయే గాని కదలడం లేదు.

డాక్టరు వాడి అంగీ ఎత్తి కడుపు నొక్కాడు. లోపల ప్లీహం, మా దిక్కు బల్ల అంటారు, రాయిలాగా పెరిగిందట. చలిజ్వరం ఎప్పుడో లోపల పట్టుకుని, వణికించకుండా ఒంట్లో నెత్తురు తాగుతూ ఉందట. చేదుమందు పోశారు. పోస్తే మింగాడు, ముఖం కూడా చిట్లించలేదు. అమ్మ దవాఖాన వరండాలోనే ఉండిపోయింది. నాయన ఒకసారి వచ్చి దూరంగా నిలబడి చూసి వెళ్లిపోయాడు. ఒకనాడు పొద్దున మందు పోస్తుంటే వాడు దాన్ని అమ్మ ముఖం మీద తుపుక్కున ఉమ్మి, కాళ్లతో తన్ని, దవాఖాన ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. చేదునీళ్లు కారుతున్న ముఖంతో అమ్మ నవ్వింది. అమ్మ అంత గట్టిగా నవ్వగా నేను మళ్లీ వినలేదు.

నాయనమ్మ చచ్చిపోయేదాకా ఆ డబ్బానే తిట్టింది. నాయన మామను క్షమించమని అడగలేదు, మామ అడిగించుకోనూ లేదు.

నాకు చదువు రాదు. ఆ రోజు నేర్చుకున్నదే నా చదువు. పిల్లలు పుట్టాక, మనవలు పుట్టాక, ఎవరైనా ఒక పసివాణ్ణి చూపించి ఎంత నెమ్మదస్తుడో అంటే నేను ఊరుకోను. దగ్గరికి పోయి ఒంటి మీద చెయ్యి వేస్తాను, గిల్లుతాను, ఏడిపిస్తాను. తల్లులు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ. మా ఇంటాయన ముసలితనంలో మాటలు తగ్గించి అరుగు మీద కూర్చుంటే, కోపం పోయి మనిషి శాంతపడ్డాడని అందరూ అన్నారు. నాకు నమ్మకం కుదరక పదిసార్లు లేచి వెళ్లి పలకరించేదాన్ని. విసుక్కుంటే కుదుటపడేదాన్ని. ఒకనాడు విసుక్కోలేదు.

ఇప్పుడు ఇల్లంతా పిల్లల గోల. కోడలు అరుస్తుంది, నేను అరవను. వాళ్లు ఎగిరినంతసేపూ కళ్లు మూసుకుని పడుకుంటాను. గోల ఆగితే లేచి కూర్చుంటాను.