సున్నం పూసిన బిళ్ళ

మూడో తరగతితో బడి మానినదాన్ని, రాసే అలవాటు తక్కువ. ఇది మాత్రం నేనే రాయాలి. తప్పు నాది.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచి అప్పటికి మూడు నాలుగేళ్ళు. మా కోడలు అక్కడ సరుకుల ఆఫీసులో పనిచేసేది. ఆదివారమైతే పాల్మాకుల దగ్గర ఒక మామిడితోటకు పోయి తుపాకి కాలుస్తున్నదని తెలిసి నాకు ఒళ్ళు మండింది. ఏం తోటో, ఎవరుంటారో చూద్దామని ఒక వారం వెంట పోయాను.

అక్కడ పది పదిహేను మంది పెద్ద అంచుల టోపీలు, తోలు బూట్లు వేసుకొని తిరుగుతున్నారు. మిలిటరీలో చేసి వచ్చిన సారు ఒకాయన ఆ తోట కిరాయికి తీసుకున్నాడు. వెనుకటి రోజుల్లో అమెరికాలో గుర్రాలెక్కి పశువులు కాసినవాళ్ళ వేషం కట్టి, గాలి తుపాకులతో ఇనుప బిళ్ళలు కొట్టే ఆట. కౌబాయ్ ఆట అంటారు. మట్టికట్ట ముందు ఆరు బిళ్ళలు వేలాడతాయి. వరుస తప్పకుండా, గడియారం పెట్టి, తొందరగా కొట్టాలి.

"ఇక్కడ ఊరికే కూర్చునేవాళ్ళు ఉండరమ్మా. మీరూ నేర్చుకోండి" అన్నాడు సారు.

ఆటలోకి వచ్చినవాళ్ళు కొత్త పేరు పెట్టుకోవాలట. "ఉన్న పేరు ఇంకా అరగలే సారూ, గదే నడుస్తది" అన్నాను. టోపీ కొనమంటే కొంగు తలమీదికి లాక్కున్నాను. తుపాకి మొన ఎప్పుడూ మట్టికట్ట వైపే ఉండాలని, చెప్పేదాకా ఛర్రాలు నింపొద్దని సారు నాతో మూడుసార్లు చెప్పించాడు. ఛర్రాలంటే చిన్న సీసపు గింజలు. ఒక్కటి వృథా పోవడం నాకు ఇష్టం లేదు, అందుకే చాలాసేపు గురి చూశాను. ఆ బిళ్ళలు కోసి తెచ్చిన కాటేదాన్ వెల్డింగాయన వెనకనుంచి అరిచాడు.

"పెద్దమ్మా, ఛర్రాకు ముహూర్తం జూస్తున్నవా? ఇడువు జల్ది!"

"ఊకె పారేసెటందుకు గవి నీ ఇంట్ల పండినయా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆరింటిలో నాలుగు మోగాయి. చిన్నప్పుడు జొన్నచేను కాడ మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను కొట్టిన చెయ్యి కదా, నాకు గర్వమొచ్చింది. కోప్పడటానికి పోయినదాన్ని తర్వాతి వారం ముందే తయారై కూర్చున్నాను.

నెల తిరిగేలోగా సారు నన్ను లెక్క చూసేవాళ్ళలో నిలబెట్టాడు. ఎవరైనా కాలుస్తుంటే ముగ్గురు పక్కన నిలబడి తప్పినవి వేళ్ళతో చూపాలి. ఇద్దరు ఒకటే చెబితే అదే ఖాయం. "అనుమానం ఉంటే తగిలినట్టే లెక్క" అని సారు ముందే చెప్పాడు. "పెద్దమ్మ సొంత కొడుకుకైనా మార్కులేయదు" అని వాళ్ళందరికీ నా మీద నమ్మకం.

కొత్తగా చేరినవాళ్ళలో ఎవరు ముందుగా ఒక్కటీ తప్పకుండా కొడితే వాళ్ళను జట్టులో పెట్టుకొని బయటి పోటీకి తీసుకుపోతామన్నారు. చోటు ఒక్కటే. మా కోడలు ఆరు నెలల నుంచి దానికోసమే కష్టపడుతున్నది. ఆఫీసునుంచి వచ్చి, వంటచేసి, వట్టి తుపాకి పట్టుకొని గోడకు గురి చూసేది.

ఆ ఆదివారం ఆమె నాలుగు బిళ్ళలు వరసగా మోగించింది. ఐదోది కాల్చేటప్పుడు మా నెత్తిమీదినుంచి విమానం దిగుతున్నది. ఆ రొదలో నాకు ఏమీ వినపడలేదు. బిళ్ళ కదిలిందో లేదో కండ్లకూ ఆనలేదు. ఆరోది మోగింది.

వినపడలేదని చెప్పాల్సింది. ఏడాది నుంచి చెవి మందగించింది, దవాఖాన ఖర్చెందుకని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే చెవిటిదంటారు. తగిలిందంటే కోడలికి వత్తాసు పలికిందంటారు. నేను ఒక వేలు ఎత్తాను. నాతోపాటు లెక్కకు నిలబడ్డ అమ్మాయి నా వేలు చూసి తనూ ఎత్తింది. వెల్డింగాయన ఒక్కడే "తాకింది సారూ, ఊగింది" అన్నాడు. ఇద్దరి మాటే చెల్లింది.

తర్వాత బిళ్ళలకు సున్నం వేసే పని నాది. ప్రతి మనిషి కాల్చాక కొత్తగా సున్నం పూస్తాం, పాత మచ్చలు ఉండవు. ఐదో బిళ్ళ అంచున సీసపు మచ్చ ఉంది. బఠాణీ గింజంత. నా వెనక ఎవరూ లేరు. కుంచె ముంచి దానిమీద పూసేశాను. రెండుసార్లు పూశాను.

ఆ రోజే తర్వాత కాల్చిన ఇంకొకరు ఆరూ మోగించారు, ఆ చోటు వాళ్ళకు పోయింది. ఇంటికి వచ్చేటప్పుడు స్కూటీ నడుపుతూ కోడలు అన్నది: "అయిదోది తాకినట్టే అనిపిచ్చింది అత్తమ్మా. గని మీరు తప్పిందన్నరంటే తప్పినట్టే. మీరు ఎవలికోసం అబద్ధమాడరు గద."

మళ్ళీ ఆదివారం అందరి ముందు నిలబడి చెప్పాను. చెవి సంగతీ, మచ్చ సంగతీ, సున్నం సంగతీ. సారు టోపీ తీసి, "పేర్లు పంపేశామమ్మా, ఇక మార్చలేం. మీరు మళ్ళీ లెక్కకు నిలబడొద్దు" అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

కోడలు నా దగ్గరికి వచ్చింది.

"వినవడలేదంటే ఒప్పుకుంట అత్తమ్మా. గా సున్నం పూసుడేంది? వారం దినాలు ఒక్క కంచం ముంగట కూసున్నం. గప్పుడన్న జెప్పకపోతిరి?"

పరువు పోతుందని భయపడ్డానని చెప్పబోయాను.

"జర జరుగున్రి, నా వంతొచ్చింది" అని తుపాకి అందుకొని గీత దగ్గరికి పోయింది.

ఆ రోజు ఆమె ఎన్ని కొట్టిందో నాకు తెలియదు. నేను తల ఎత్తలేదు.