చెరువు లేని రైతు

మా తోడికోడలు పోయిన సంగతి నాకు ఒక్క మాటలో తెలిసింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆసుపత్రికి పట్టుకెళ్ళడానికి రాగిజావ కాస్తున్నాను. బావగారు ఫోను చేసి, "జావ తేవక్కర్లేదమ్మాయ్" అన్నారు.   స్టవ్ కట్టేసి, గరిటె గిన్నెలోనే వదిలేసి పీట మీద కూర్చుండిపోయాను. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్ళు.

ఆవిడ కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో చాలామంది మాట్లాడారు. కైకలూరు వైపు నుంచి రైతులు వ్యాను కట్టించుకుని వచ్చారు. ఆవిడ పనిచేసిన లాబ్ పెద్దసారు కూడా లేచి, ఆవిడకి ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పారు. ఎవరో రైతు పంపిన ఒక సీసా నీళ్ళ వల్ల వచ్చిందట. "ఆ రైతెవరో ఈనాటికీ మాకు తెలియదు. ఎక్కడున్నా ఆయనకి నా నమస్కారం" అని చేతులెత్తారు. జనం అటూ ఇటూ చూశారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కావిడ వీపు నిమిరింది.

ఆ రైతుని నేనే. నాకు చెరువు లేదు, సెంటు భూమి లేదు. తొమ్మిదో తరగతి తప్పి బడి మానేసినదాన్ని. సంఘం పత్రికలో రెండు పేజీలు ఇస్తాను, ఆమె గురించి నిజాలే రాయమని పాస్టరుగారు అన్నారు. ఆ షరతు ఆయన ఎందుకు పెట్టారో ఈ వీధిలో అందరికీ తెలుసు. కరెంటాఫీసు వాడి గొంతుతో ఫోన్లు చేసి, రెండ్రోజులు కరెంటుండదని చెప్పి, వీధి వీధంతా బిందెలకీ బకెట్లకీ నీళ్ళు పట్టించింది నేనే. ఆడగొంతు, మగగొంతు, ముసలిగొంతు, ఏది కావాలంటే అది వస్తుంది నాకు. చదువు రాలేదు గాని ఇది వచ్చింది.

మా తోడికోడల్ని నేను అక్కా అనేదాన్ని. అక్క నాకు పూర్తిగా ఎదురు. నెమ్మది మనిషి. గుడివాడలో బీఎస్సీ చదివింది. పామర్రులో మా ఇంటికి కోడలిగా వచ్చి, ఉద్యోగానికి వెళ్ళకముందు పదహారేళ్ళు నాతో కలిసి ఒకే వంటింట్లో ఉంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, దూరం నుంచి ఆ, ఊ అనేది కాదు. పొయ్యి దగ్గరికి వచ్చి, అరచేతిలో చుక్క వేసుకుని నాకి, అప్పుడు చెప్పేది. పిల్లవాడికి జ్వరమంటే నుదురు ముట్టుకోకుండా మాట్లాడేది కాదు. "చూడకుండా నేను చెప్పను" అనేది. పదహారేళ్ళూ ఆ మాట వినీ వినీ నాకు ఒళ్ళు మండేది.

పిల్లలు ఇంటర్‌కి వచ్చాక, ముప్ఫై ఎనిమిదో ఏట, ఇంటర్న్‌షిప్‌కి వెళ్తానంది. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసి, రైతులకి సలహాలు చెప్పే లాబ్ అది, బెజవాడ ఆటోనగర్ గేటుకి దగ్గర్లో.

"ఇంటర్న్‌షిప్పంటే ఏంటక్కా?"

"పని నేర్చుకుంటా చెయ్యటం."

"పెళ్ళైన కొత్తలో మనం ఇక్కడ చేశామే, అదా?"

"అదే. కాకపోతే దీనికి ఆరు నెలలే."

ఆవిడ జోకులు వెయ్యదనుకునేవాళ్ళు ఆవిడతో వంటింట్లో నిలబడలేదు.

బావగారు చెడ్డవారు కాదు. కాకపోతే ఆయనకి అన్నిటికీ ఒక గడువు కావాలి. "ఆరు నెలలు వెళ్ళు. వాళ్ళు ఉంచుకుంటే సరే. ఉంచుకోకపోతే మాత్రం ఇంక ఈ ఇంట్లో ఉద్యోగం మాట ఎత్తకూడదు" అన్నారు. అక్క తలూపింది. లాబ్‌లో ఆవిడతో పాటు ఎమ్మెస్సీ చదివిన కుర్రాళ్ళు ఇద్దరు చేరారు. ముగ్గురిలో ఒక్కరినే ఉంచుకుంటారు. రోజూ పొద్దున్నే ఉయ్యూరు మీదుగా పోయే బస్సెక్కేది. సాయంత్రం వచ్చేసరికి బట్టలు చెరువు వాసన వేసేవి.

వంటిల్లు మాత్రం నా ఒక్కదాని నెత్తిన పడింది. ఇద్దరు మగాళ్ళు, నలుగురు పిల్లలు, అత్తగారు. అక్క పొద్దున లేచి కూరలు తరిగి వెళ్ళేది. మిగిలిందంతా నాది. అయిదో నెల వచ్చేసరికి, ఆవిడ గురించి చర్చిలో ఎవరైనా గొప్పగా మాట్లాడితే నాకు చేదుగా ఉండేది.

ఒకరోజు మునగాకు ఉడకేసి ఆ నీళ్ళు పారబొయ్యబోతుంటే పచ్చగా కనపడ్డాయి. అచ్చం అక్క తెచ్చే సీసాల్లో చెరువు నీళ్ళలాగే. వడకట్టి, కల్లుప్పు వేసి, సీసాకి పోశాను. ఎడంచేత్తో కాగితం రాసి అంటించాను. ఏదో రైతు పేరు, ఏదో ఊరు, నాలుగెకరాలు, రొయ్యలు చస్తన్నాయి, అర్జెంటు. ఫోను నంబరు బజార్లో కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన సిమ్ముది. దాన్ని మూలపడ్డ బటన్ల ఫోనులో వేసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఆటోనగర్‌లో మా ఆయనకి లేతు షాపుంది. "బస్టాండులో ఎవరో పెద్దాయన ఇచ్చాడు, లాబ్‌లో ఇచ్చెయ్యి" అని సీసా ఆయన చేతిలో పెట్టాను. పాపం, ఇచ్చి వచ్చాడు.

సరదాకి చేశానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. పాస్టరుగారు నిజాలు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆవిడ మునగాకు నీళ్ళకి మందు రాయాలి, అందరూ నవ్వాలి, ఆ ఉద్యోగం రాకూడదు, మళ్ళీ వంటింట్లోకి రావాలి. నాకు కావలసింది అది.

మర్నాడు పదకొండింటికి బియ్యం డబ్బా మోగింది. తీసి, ముసలిగొంతు పెట్టాను.

"లాబ్ నుంచి మాట్లాడుతున్నానండీ. మీరు నీళ్ళు పంపించారు కదండీ" అంది అక్క.

"పంపించాం. ఏం మందెయ్యాలో చెప్పు."

"మందు సంగతి తర్వాతండీ. రొయ్య మేత తింటందాండీ?"

"తింటందో లేదో నాకొచ్చి చెప్తదా?"

"మేత ట్రే ఎత్తి చూస్తే చెప్తదండీ. మీ నీళ్ళలో ప్రాణమున్నది ఒక్కటి కూడా కనపడలేదు నాకు. అందుకని చెరువు చూద్దామనండీ. ఎప్పుడు రమ్మంటారు?"

చెరువు చూస్తానంటుందని నేను అనుకోలేదు. చేతికందిన అడ్డం వేశాను. "ఆడోళ్ళని మేం గట్టెక్కనివ్వం."

మీలో చెరువులున్నవాళ్ళకి తెలుసు. గట్టు ఎక్కేముందు చెప్పులు కింద విడిచి ఎక్కుతారు, గుడి మెట్లు ఎక్కినట్టు. ఆడమనిషైతే కొందరు అసలు ఎక్కనివ్వరు, పంట పోతుందని. ఆ మాట ఆవిడ అప్పటికే ఎన్నిసార్లు పడిందో నాకేం తెలుసు?

"ఎక్కనండీ" అంది. "గట్టు కిందే నిలబడతాను. నీళ్ళు మీరే ముంచి తెచ్చి చూపించండి. చూడకుండా మాత్రం నేను చెప్పలేను."

"చెప్పకపోతే వేరే లాబ్‌కి పోతా."

"వెళ్ళండి. కానీ వాళ్ళు చూడకుండా చెప్తే ఆ మందు మాత్రం వెయ్యొద్దండీ. నాలుగెకరాలంటున్నారు. మీ చెరువు పోతే ఎట్టాగండీ?"

లేని చెరువు గురించి ఆ గొంతులో దిగులు వినపడింది. అదే సమయానికి పొయ్యి మీద కుక్కరు కూసింది. మా కుక్కరు కూత మామూలుగా ఉండదు. సగంలో ఆగి, ఎక్కిళ్ళు పెట్టినట్టు మళ్ళీ కూస్తుంది. గబుక్కున ఫోను కట్టేసి బియ్యంలోకి తోసేశాను.

తర్వాత జరిగింది పెద్దసారు చెబితే మొన్న కూడికలోనే వివరంగా తెలిసింది. ఆయన ఆ సీసా ముగ్గురికీ ఇచ్చారట. కుర్రాళ్ళిద్దరూ చెరో కాగితం నిండా మందులు రాశారు. అక్క మూడు వాక్యాలు రాసింది. ఈ నీళ్ళలో జీవం లేదు. ఇవి చెరువు నీళ్ళేనా అన్నది నాకు తెలియదు. చెరువు చూడకుండా మందు చెప్పను. "తెలియదు అని రాసిన మనిషిని నా సర్వీసులో మొదటిసారి చూశాను. ఆ సాయంత్రమే నిర్ణయం చేసుకున్నాను" అన్నారాయన.

ఆరో నెల చివర మళ్ళీ బియ్యం డబ్బా మోగింది.

"రైతుగారూ, బాగున్నారాండీ? నన్ను ఉంచుకున్నారండీ. ఒకటో తారీఖు నుంచి కన్సల్టెంటుని. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు మీకే చెబుతున్నాను."

"మాకెందుకమ్మా చెప్పటం?" ముసలిగొంతు ఇంకొంచెం పెంచాను.

"మీ నీళ్ళ వల్లేగదండీ. సరే, ఉంటాను. కుక్కరు కట్టెయ్యండి రైతుగారూ, నాలుగో విజిలొచ్చింది. పప్పు మాడుద్ది."

ఎంతసేపు అలా నిలబడ్డానో గుర్తు లేదు. పప్పు మాత్రం మాడింది. సాయంత్రం అక్క మిఠాయి పొట్లం తెచ్చి, బావగారికంటే ముందు నా చేతిలో పెట్టింది. నా మొహం చూడలేదు. నేనూ ఆవిడ మొహం చూడలేదు. మాడిన పప్పు మాత్రం వంక పెట్టకుండా తిన్నది.

అప్పటి నుంచి పన్నెండేళ్ళు ఆ నంబరుకి ఫోన్లు చేసింది. నెలకొకసారో, రెండుసార్లో. ఇంట్లో ఇద్దరం ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. చెరువు గట్ల మీద నుంచి చేసేది. వెనకాల నీళ్ళు చిలికే యంత్రాల చప్పుడు వినపడేది. మొదటి ఏడాది బంటుమిల్లి అవతల నుంచి చేసింది. "గట్టు దిగమన్నారండీ రైతుగారూ. కింద నిలబడి ఉన్నాను. ఎండగా ఉంది" అంది.

"దిగమంటే దిగటమేంది? మా చెరువుకి రా. గట్టు మీద కుర్చీ వేయిస్తా."

"మీ చెరువెక్కడుందో ఇంతవరకు చూపించలేదు. చూడకుండా నమ్మమంటారా?"

"వచ్చినప్పుడు చూపిస్తాలే."

గట్టు దిగమన్న ఆ రైతే తర్వాతి పంటకి తనే వచ్చి ఆవిడని పిలుచుకెళ్ళాడు. కింద విడిచిన ఆవిడ చెప్పులు ఎండకి కాలతాయని తీసి నీడలో పెట్టాడట. మొన్న వ్యాను కట్టించుకొచ్చిన వాళ్ళలో ఆయన ఉన్నాడు.

ఒకసారి ఆవిడే అడిగింది, "మీ ఇంట్లో పని ఎక్కువగా ఉందాండీ?" అని. ముసలాయన గొంతులో ఉన్నదంతా కక్కాను. "మా ఇంట్లో ఒకామె ఊళ్ళేలటానికి పోతంది. చాకిరీ అంతా నాదే. అదొచ్చి కూర్చుని తింటది" అన్నాను. "అది మంచి పద్ధతి కాదండీ" అంది. ఆ ఆదివారం ఆరాధన నుంచి రాగానే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసి, నన్ను అందులో కూర్చోమంది. ఇంక ప్రతి ఆదివారం వంట ఆవిడదే. పులుసులు పెద్ద బాగుండేవి కాదు. కన్సల్టెంట్లు వండితే ఇట్టాగే ఉంటదని నేను అనేదాన్ని. "చూసి చెప్పావా, చూడకుండా చెప్పావా?" అనేది.

లాబ్‌లో ఆవిడ పెద్దదైంది. బస్సు పోయి స్కూటరు వచ్చింది, తర్వాత కారు పంపించారు. కొత్తగా ఇంటర్న్‌షిప్‌కి వచ్చే ఆడపిల్లల్ని తనతో గట్ల మీదకి తిప్పేది. ఆవిడ ఇచ్చే ప్రతి కాగితంలో మొదటి మాట "చూశాను" అని ఉండేది. ఎన్ని గంటలకి చూసిందో, ఎండో మబ్బో కూడా రాసేది. ఆ తర్వాతే మందు. చాలాసార్లు మందే ఉండేది కాదు. మందులమ్మే కంపెనీల వాళ్ళకి ఆవిడంటే పడేది కాదు. రైతులు మాత్రం ఆవిడ వచ్చేదాకా ఆగేవాళ్ళు.

జబ్బు బయటపడ్డాక ఆసుపత్రికి రోజూ నేనే వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని నర్సుల గొంతులన్నీ దింపేదాన్ని. నవ్వితే నొప్పొస్తుందని చెయ్యి అడ్డం పెట్టేది. అన్నీ మాట్లాడుకున్నాం. ఆ సీసా మాట, అది ఎందుకు పంపానో మాత్రం నా నోట రాలేదు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేకపోయింది. పన్నెండేళ్ళు ఒక రాయి మింగి తిరుగుతున్నట్టుండేది. ఆవిడ నన్ను అల్లరిదనుకుంటూ వెళ్ళిపోతుందా, లేకపోతే నిజం తెలిసి వెళ్ళాలా, ఇదే ఆలోచన.

ఆవిడ పోవడానికి ముందు రోజు, సోమవారం సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి బియ్యం డబ్బా మోగుతోంది.

"రైతుగారూ" అంది. గొంతు బాగా సన్నగా ఉంది. "మీ చెరువు చూడటానికి రావటం ఇక కుదరదేమోనండీ."

ముసలిగొంతు పెడదామని చూశాను. రాలేదు. ఎన్నడూ మొరాయించని గొంతు ఆ రోజు మొరాయించింది.

"అక్కా, నిన్ను పడగొట్టాలనే పంపించాను ఆ నీళ్ళు. సరదాకి కాదు. నీకు ఉద్యోగం రాకూడదని."

అవతల మంచం కిర్రుమంది.

"అదొక్కటే చెల్లీ, నాకు చూడకుండానే తెలిసింది" అంది. ఆ నంబరుకి చేసి నన్ను చెల్లీ అనడం అదే మొదలు. "నీ బదులు నేను ఇంట్లో ఉండిపోయినా అదే పని చేసేదాన్ని. నీ అంత బాగా వడకట్టేదాన్ని కాదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

"నిన్న జావలో ఉప్పు తక్కువైంది. రేపు చూసి వెయ్యి" అని పెట్టేసింది.

మర్నాడు సరిగ్గానే వేశాను. చూసే వేశాను. అప్పుడే బావగారి ఫోను వచ్చింది.

బటన్ల ఫోనులో ఇంకా ఛార్జింగు పెడుతున్నాను. ఇప్పుడది బియ్యం డబ్బాలో కాదు, పొయ్యి పక్కన గూట్లో ఉంటుంది. పదకొండింటికి కుక్కరు ఎక్కిళ్ళు పెట్టుకుంటూ కూస్తుంది. పప్పుకి మూడు విజిళ్ళు చాలు. నాలుగోది వచ్చేదాకా కట్టెయ్యడానికి నాకు చెయ్యి రావడం లేదు, గూటి వైపే చూస్తూ నిలబడిపోతున్నాను. ఈ నెల రోజులుగా మా ఇంట్లో పప్పు కొంచెం అడుగంటుతోంది. ఎవరూ ఏమీ అనడం లేదు.