ఇంటిపేరు కోసేసే ఇంజిన్

మా బాస్ రాసిన ఇంజిన్ అంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంట. బాస్ అంటే అంతకన్నా ఎక్కువ.

జూబ్లీ హిల్స్‌లో పేరున్న నిర్మాత కొడుకాయన. ఫిల్మ్ నగర్‌లో ఆఫీసు పెట్టి సినిమాలకి వెబ్‌సైట్లు చేయించేవాడు. నిర్మాతల దగ్గర్నుంచి వివరాలు ఒక్కోదానికీ ట్యాగ్ అనే చీటీ తగిలించి ఎక్స్ఎంఎల్ ఫైల్లో వస్తాయి, ఇంజిన్ అనే మా ప్రోగ్రాం వాటిని చదివి పేజీ తయారుచేస్తుంది. ఆ ఫైల్లో టైటిల్ దగ్గర సినిమాకీ ‘పేరు’ ట్యాగే, టైటిల్ అక్షరాలు గీసిన మనిషికీ ‘పేరు’ ట్యాగే. కలిసిపోకుండా ముందు ఒక మాట, కోలన్ పెట్టి ఏది ఎవరిదో చెబుతారు. మనకి ఇంటిపేరు ఉన్నట్టే. మావాడి ఇంజిన్ కోలన్ కనబడితే చాలు, ముందున్న మాట కోసేస్తుంది. ఆ పైన రెండు ‘పేర్లూ’ ఒకటే అనుకుని రెండోదాన్ని పారేసి, ఖాళీలో మా కంపెనీ పేరు పెడుతుంది. ఇంటిపేరు తప్ప ఇంకేమీ లేని మనిషి రాసిన ఇంజిన్ మరి!

ఒకసారి ఒక సినిమాకి టైటిల్ అక్షరాలు గీసింది టోలిచౌకి అమ్మాయి. అదే ఆమె మొదటి సినిమా. పేజీలో నీ పేరు చూపించు, మా తర్వాతి సినిమా నీకే ఇస్తానని ఇంకో నిర్మాత మాటిచ్చాడట. ఫస్ట్ లుక్ రోజు పొద్దున్నే ఆఫీసుకొచ్చి, నా కంప్యూటర్లో పేజీ చూసి బిత్తరపోయింది.

“గిదేంది సార్? గీసింది నేనైతే మీ కంపెనీ పేరొచ్చింది?”

నేను కూర్చుని సరిచేశాను. ముందున్న మాటతో కలిపే ట్యాగుని చదవమని ఇంజిన్‌కి నేర్పాను. ఆమె పేరు వచ్చింది. సరిచేసిన పేజీ ఎక్కించమని అడగడానికి బాస్ గదికి పరిగెత్తాను. అప్పటికే పేజీ ఉన్న లాప్‌టాప్‌కి కుంకుమబొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేశారు.

“పూజయ్యాక ముట్టుకోకూడదయ్యా. రేపు చూద్దాం.”

“ఆమె నోటికాడి కూడు సార్.”

“టైటిల్ కింద ఎవరి పేరుందో ఎవడు చదువుతాడు?”

తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. ముహూర్తానికి ఆ పేజీయే తెరిచారు.

చదివేవాడు చదివాడు. మధ్యాహ్నం ఆమెకి మాటిచ్చిన ఆ నిర్మాతే బాస్‌కి ఫోన్ చేశాడు, స్పీకర్‌లో విన్నాను. “అక్షరాలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ. ఎవరో అమ్మాయి తనే గీశానంది. పేజీలో మీ పేరుందేంటి?”

“మావేనండీ,” అన్నాడు. కంటి రెప్ప కూడా కొట్టలేదు దరిద్రుడు.

ఆయన తర్వాతి సినిమా పని మాకొచ్చింది. అద్దం అవతల ఆ అమ్మాయి ఫోన్ చేత్తో పట్టుకుని, అదే నిర్మాత పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

బాస్ హాయిగా వెనక్కి వాలాడు. “ఇది కూడా ఆ టోలిచౌకి అమ్మాయి చేతే గీయించు. అవునూ, పేరేంటి ఆమెది?”

“బయటే కూర్చుంది. వెళ్లి అడగండి,” అన్నాను.

ఆయన లేవలేదు.