మసెమ్మ వేసే మూత

ఆ షెడ్డులో అందరూ ఆమెను మసెమ్మ అనే పిలుస్తారు. మొహం కడుక్కుని వస్తే సగంమంది గుర్తుపట్టరని వేళాకోళం చేస్తారు. మొదట్లో రేకు డబ్బాలకు అతుకులు వేసేది. లోపల ఏం పోస్తున్నారో తెలియకుండా మూత బిగించడం నచ్చక బొగ్గు పని కూడా పట్టుకుంది. నేర్పినవాళ్ళెవరూ లేరు. చెడగొట్టి చెడగొట్టి నేర్చుకుంది.

ఆమె చేసేది మామూలు బొగ్గు కాదు. ఒళ్ళంతా సన్నని రంధ్రాలున్న బొగ్గు వాసనలు పీల్చుకుంటుంది, నీళ్ళలో రంగు లాగేస్తుంది. ఉక్కు కొలిమి దగ్గర పుట్టే కార్బన్ మోనాక్సైడును మాత్రం దాదాపు అలాగే పోనిస్తుంది. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. తల బరువెక్కిందని తెలిసేసరికి కాళ్ళు మాట వినవు. అందుకే మసెమ్మ బొగ్గును రాగి ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి, మూత బిగించిన పీపాలో గాలికి బదులు నైట్రోజన్ పారిస్తూ కాలుస్తుంది. రంధ్రాల్లో చేరిన రాగి ఆ వాయువును పట్టి ఆపుతుంది. తడిగాలి తగిలితే మాత్రం దాని పట్టు పోతుంది. కాబట్టి పీపా పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యకూడదు. చల్లారాక గబగబా డబ్బాల్లో నింపి, మూత అంచుకు లప్పం పూసి, నింపిన మనిషి దానిమీద బొటనవేలు నొక్కాలి. వేలిముద్ర లేని డబ్బాను ఉక్కు కర్మాగారంవాళ్ళు తీసుకోరు.

ఆ డబ్బాలు బిగించేది కొలిమి పైనున్న క్రేను గదికి. లోపలికి వెళ్ళే గాలి వాటిగుండానే వెళ్ళాలి. ఆ గదిలో కూర్చునేది ఆమె తమ్ముడు.

షెడ్డు యజమాని ఆమె అక్క మొగుడు. నీళ్ళ ఫిల్టర్లకు బొగ్గు అమ్మి పైకొచ్చిన మనిషి. ఆ పనిలో బొగ్గును ఎంత బాగా ఆరబోస్తే అంత మంచిది. ఒక వానరోజు పొద్దున డబ్బాల కోసం కర్మాగారం లారీ వచ్చి నిలబడింది. మసెమ్మ ఇంకా రాలేదు. ఆయన పీపా మూత తీసి, బొగ్గంతా వరండాలో పళ్ళాల మీద పరిచి, ఫ్యాను పెట్టాడు.

మసెమ్మ గొడుగు మడుస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఎవరు తీశారు?”

“నేనే మరదలా. సాయం చేసినా కళ్ళెర్రజేస్తావేంటి? కానియ్, లారీవాడు అరుస్తున్నాడు.”

“ఇది చచ్చింది బావా.”

“నల్లగా నిగనిగలాడుతుంటే చచ్చిందంటావేం!”

ఆమె పరీక్ష డబ్బాలో ఆ బొగ్గు నింపి, చూరు కింద ఆరుబయట పెట్టి, ఒక కొసకు ఆ విషవాయువు నింపిన బండ, రెండో కొసకు దాన్ని పసిగట్టే మీటరు తగిలించింది. గ్యాసు వదలగానే మీటరు కీచుమంది. కిందటి విడతలో మిగిలిన డబ్బా పెట్టింది. మీటరు పలకలేదు.

“ఆ మీటరు పాతది.”

“పాతదైతే దీనికెందుకు అరవలేదు? డబ్బా మొహం చూసి అరుస్తుందా?”

ఆయన గొంతు తగ్గించాడు. “ఈ ఒక్కసారికి పంపేద్దాం. వచ్చే విడతలో మార్చేద్దాం. గదికి కిటికీ ఉందిగా.”

“ఆ కిటికీ కిందేగా కొలిమి.”

“నువ్వు వేలు పెట్టకపోతే నేను పెడతా.”

“పెట్టు. లారీలో కూడా నువ్వే ఎక్కు. నీ చేత్తోనే బిగించి, ‘బావమరిదీ, హాయిగా పీల్చుకో’ అని చెప్పి రా.”

ఆయన ఒక డబ్బా నింపాడు, లప్పం పూశాడు, బొటనవేలు చాచాడు. అది లప్పం దాకా వెళ్ళి, తాకకుండా ఆగింది. ఆఖరికి వేలు చొక్కాకు తుడుచుకుని, “నోరు బాగా పెరిగింది నీకు. రేపట్నించి పనిలోకి రానక్కర్లేదు,” అన్నాడు.

“సరే. ముందు లారీని పంపెయ్.”

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. మసెమ్మ తమ్ముడికి ఫోను చేసింది.

“కొత్త డబ్బాలు వచ్చేదాకా పైకెక్కకురా.”

“ఫోర్‌మన్ ఊరుకోడే అక్కా.”

“ఊరుకోకపోతే నా పేరు చెప్పు. తిట్టాలనుంటే ఇక్కడికొచ్చి తిట్టమను.”

మర్నాడు బావ వచ్చేసరికి పీపా కింద పొయ్యి మండుతోంది. వరండాలో పళ్ళాలు ఖాళీ.

“నిన్న ఏం చెప్పాను నీకు?”

“రావద్దన్నావు. విన్నాను.”

“మరి?”

“గాలి తగలకుండా మళ్ళీ కాలిస్తే రాగికి పట్టు తిరిగొస్తుంది. చెడగొట్టింది నువ్వు, బాగుచెయ్యడం నాకొచ్చు. అందుకొచ్చా.”

ఆయన అలవాటుగా మూత మీదికి చెయ్యి చాచాడు.

“బావా, చెయ్యి!”

చెయ్యి వెనక్కి వెళ్ళింది.

“మీ అక్కకు చెప్పలేదు కదా?”

“నిన్ననే చెప్పా.”

ఆయన వెళ్ళి, వానగాలి రాకుండా వరండా వైపు తలుపులు మూశాడు.

పీపా పూర్తిగా చల్లారాకే మసెమ్మ మూత తీసింది. మీటరు పెట్టి చూసింది. కిక్కురుమనలేదు. డబ్బాలు నింపి, లప్పం పూసి, ఆయన చూస్తుండగా ఒక్కొక్కదాని మీద బొటనవేలు నొక్కింది, కావలసినదానికన్నా కాస్త గట్టిగానే.