గుసగుసమ్మ అందించని మాట

మా ఆయనకి అక్క, నాకు వదిన. నాటకశాలలో మాత్రం అందరికీ గుసగుసమ్మ. తెర పక్కన చాటుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, నటులు మాట మరిచిపోతే చిన్న గొంతుతో అందించడం ఆవిడ పని. నాటకాల బట్టలు కుట్టేది నేను. ఇంట్లోనూ ఆవిడే, పనిలోనూ ఆవిడే. కొత్తలో నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

గుమ్మంలో ఎవరైనా నిలబడితే చాలు, వదిన ఇంతెత్తున లేచేది. "లోపలికైనా రా, బయటికైనా పో, మధ్యలో నిలబడకు!" పాలవాడికీ అదే, పక్కింటావిడకీ అదే. అంతటితో పోతే బాగుండేది. గిన్నెలు తోముతూ కుళాయి కట్టేసి నీళ్ళ చప్పుడు ఆగగానే, "వెళ్తున్నాను" అని మెల్లగా అనేది. ఎవరికి చెబుతోందో తెలిసేది కాదు. "ఎక్కడికి వదినా ప్రయాణం?" అని ఒకసారి ఎగతాళి చేశాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని అవతలి గదిలోకి లాక్కుపోయాడు.

నేను చూడని మా అత్తగారి కథ అప్పుడు తెలిసింది. ఆవిడ ఇదే నాటకశాలలో నటి. ఊరంతా నోళ్ళు తెరుచుకుని చూసిన పాత నాటకంలో ఇల్లాలి వేషం ఆవిడదే. చివరి రంగంలో ఆ ఇల్లాలు మొగుణ్ణీ పిల్లల్నీ వదిలి గుమ్మం దాటుతుంది. "ఈ ఇంట్లో నాకు చోటుంది కానీ నేనే లేను. వెళ్తున్నాను." ఆ మాటకి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టేవారట, మగవాళ్ళు గొంతు సవరించుకునేవారట. ఆ నాటకం ఆడుతున్న రోజుల్లోనే మా అత్తగారు నిజంగానే ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. మళ్ళీ జాడ లేదు. నాటకమే ఆవిణ్ణి చెడగొట్టిందని జనం ఆడిపోసుకున్నారు. అప్పటికి మా ఆయన పాకే పిల్లాడు. పెంచింది అక్కే.

అలాంటి నాటకానికి ఈమధ్య ఒక అమ్మాయి రెండో భాగం రాసుకొచ్చింది. వెళ్ళిపోయిన ఇల్లాలు జుట్టు నెరిశాక, చేతిలో ఫోను, భుజాన సంచీతో అదే ఇంటికి తిరిగొస్తుంది. ఎదిగిన కూతురు నిలదీస్తుంది. వాదించుకుంటారు, నవ్వుకుంటారు. చివరికి తల్లి మళ్ళీ గుమ్మం దగ్గర ఆగి, "ఈసారి నీకు చెప్పి వెళ్తున్నాను" అని కదులుతుంది.

"అప్పుడు కూతురు ఏమీ అనదా?" అని వదిన అడిగింది.

"అనదండీ. అమ్మ స్వేచ్ఛని గౌరవిస్తుంది," అంది రచయిత్రి.

ఈ ఒక్క నాటకానికీ మాటలు అందించడానికి వేరే ఎవరినైనా కూర్చోబెట్టమని వాళ్ళకి చెప్పమని వదినతో అన్నాను. వింటేగా! రిహార్సల్స్ మొదలయ్యాక వదినకి తిండి మీద ధ్యాస పోయింది. "ఆ తల్లి వేషం వేసే నటి నోరు తెరవకముందే నాకు అమ్మ గొంతు వినిపిస్తోందే," అంది.

ఒక మధ్యాహ్నం నేను ఆ ఇల్లాలి బట్టలకి అంచు కుడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మ ఇంట్లో నాటకం మాటలు వల్లె వేసుకుంటుంటే అందించేదాన్ని నేనే. ఆ రోజు సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. 'ఈ ఇంట్లో నాకు చోటుంది కానీ నేనే లేను' అని, ఆగిపోయింది. నా వైపే చూసింది. తర్వాతి మాట మరిచిపోయిందనుకున్నానే. 'వెళ్తున్నాను' అని అందించాను. అదే అని వెళ్ళిపోయింది."

నేను కుడుతున్న అంచుని వేలితో నిమురుతూ, "వెళ్ళనా వద్దా అని ఆగిందేమో. నేనే పంపేశాను," అంది.

"పిచ్చి మాటలు మాట్లాడకు. చిన్నపిల్ల అందించిందని ఎవరైనా ఇల్లు వదిలి పోతారా?" అని కసిరాను. కసిరానే గానీ నాకు ఏడుపు ఆగలేదు. జన్మలో చూడని మా అత్తగారి మీద ఒళ్ళు మండిపోయింది.

మొదటి ప్రదర్శన రోజు, తల్లి వేషం వేసిన నటి గుమ్మం దగ్గర ఆగింది. ఆగింది అంతే, మాట రాలేదు. నేను ఎదుటి పక్క నుంచి చూస్తున్నాను. కావాలని ఆగిన నటి ఎదుటివాళ్ళని చూస్తుంది, మరిచిపోయిన నటి తెర చాటుకి చూస్తుంది. ఆవిడ కళ్ళు వదిన కోసం వెతికాయి. వదిన పెదవులు బిగించి కూర్చుంది. హాల్లో ఎవరో దగ్గారు. చివరికి నటి మాటేమీ లేకుండానే గుమ్మం దాటి వచ్చేసింది.

తెర పడగానే నటి వదిన మీద విరుచుకుపడింది. "నీకేమొచ్చింది? నిండు సభలో నా పరువు తీశావు!"

"మాట అందకపోయినా ఎందుకు వెళ్ళారు?" అని వదిన అడిగింది.

"వెళ్ళక? నువ్వేదైనా అంటావేమోనని నీ మొహమే చూస్తూ నిలబడ్డాను. నువ్వు నోరు విప్పకపోతే ఇంకేం చెయ్యను?"

ఇంటికొచ్చే దారంతా వదిన ఒకటే గొణుగుడు. "ఏదైనా అంటానేమోనని చూసిందటే. అమ్మ కూడా అందుకే చూసిందేమో."

మర్నాటి ఆటలో నటి ఎక్కడా తడబడలేదు. "ఈసారి నీకు చెప్పి వెళ్తున్నాను" అని స్పష్టంగా అని గుమ్మం మీద కాలు పెట్టింది. అప్పుడు తెర చాటు నుంచి, హాలు చివరి వరుస దాకా వినిపించేలా ఒక కేక.

"వెళ్ళకమ్మా!"

అది చిన్నపిల్ల గొంతు. తమ్ముణ్ణి పెంచి పెళ్ళి చేసిన మా వదిన నోట్లోంచి వచ్చింది. నటి ఆగింది. వెనక్కి తిరిగి, తెర చాటుకేసి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా గుమ్మం దాటింది.

జనం అది నాటకంలోదే అనుకుని చప్పట్లు కొట్టారు. రచయిత్రి తల పట్టుకుంది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి వదిన వెక్కివెక్కి ఏడుస్తోంది. దగ్గరికి తీసుకున్నాను.

"వద్దన్నా వెళ్ళిపోయిందే," అంది.

"వెళ్ళాలనుకుంది, వెళ్ళింది వదినా. నువ్వు పంపలేదు."

తల ఊపింది. చూపు మాత్రం ఆ ఉత్త గుమ్మం మీదే ఉంది. "కానీ ఆగింది, చూశావా? అమ్మకి వినిపించిందంటావా?"

"వినిపించింది వదినా," అన్నాను.