మా ఆయన ఇంకా సముద్రం మీదే ఉన్నారు

మా బాబుకు ఎనిమిది నెలలప్పుడు, మా ఆయనను కంపెనీ మొదటిసారి షికాగో పంపింది. అప్పుడు అమీర్‌పేటలో అద్దెకుండేవాళ్లం. విమానం తెల్లవారుజామున రెండింటికి బయల్దేరి, మధ్యాహ్నం మూడింటికి అక్కడ దిగుతుందని టికెట్‌లో ఉంది. దిగగానే ఫోన్ చేస్తానన్నారు.

మూడు దాటింది, ఐదు దాటింది. ఫోన్ మోగలేదు. ఎక్కడైనా విమానం కూలిందేమోనని, బాబును చంకనేసుకుని టీవీలో వార్తల ఛానళ్లన్నీ తిప్పాను. నాకు ఏడుపు ఆగలేదు. ఇంటి ఓనరు ఖాలా పరుగున వచ్చి, "ఏడ్వకు బేటీ, అల్లా ఉన్నడు" అంటూ తనూ ఏడవసాగింది.

అంతలో మైత్రీవనంలో కంప్యూటర్ క్లాసు ముగించుకుని మా మరిది వచ్చాడు. టికెట్ కాపీ చూసి పగలబడి నవ్వాడు.

"వదినా, గా మూడు షికాగో టైం, మనది కాదు! అన్న విమానంల పోయిండు, రాకెట్‌ల కాదు. గంత దూరం పోవాలంటే ఒక దినమంతా పడ్తది. ఇంకా సముద్రం మీదనే ఉన్నడు. జర చాయ్ పెట్టు."

"మస్తు చదివినవ్ బేటీ! నన్ను సుత ఏడిపిస్తివి" అని ఖాలా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నేనూ నవ్వాను గానీ, చాయ్ పెడుతూ మళ్లీ గడియారం వైపే చూశాను. అప్పటిదాకా ఏదో జరిగిపోయిందని భయం. ఇప్పుడేమో, జరగడానికి ఇంకా బోలెడు సమయముందని భయం.

ఆయన క్షేమంగా దిగి, దారంతా నిద్రపోయానని చెప్పారు. ఇప్పుడు తరచూ వెళ్తూనే ఉంటారు. ఎన్నింటికి దిగుతారని నేను అడగను, ఎన్ని గంటలు గాలిలో ఉంటారని అడుగుతాను. ఆ గంటలన్నీ నా కాళ్లు కూడా నేల మీద నిలవవు.