పోలరాజు నమ్మని సిలిండరు

పోలరాజు చేప కొంటే మొప్పలెత్తి చూస్తాడు. బియ్యం కొంటే నాలుగు గింజలు పంటి కింద వేసి కొరుకుతాడు. గుళ్ళో ప్రసాదం కూడా వాసన చూశాకే తింటాడని అతని అక్క చిలకమ్మ తానుండే కద్మా పేటలో అందరికీ చెబుతుంది. అందులో అతిశయోక్తి కొంచెమే.

ఆ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. టెక్కలి నుంచి ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న టాటా ఊరికి వచ్చిన కొత్తలో ఒక కాంట్రాక్టరు షెడ్డులో పనిచేసేవాడు. వెల్డింగు నిప్పురవ్వ పడి గోనెసంచులు అంటుకుంటే, గోడకున్న ఎర్ర సిలిండరు లాక్కుని నొక్కాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పక్కవాడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ తర్వాత పోలరాజు ఏ సిలిండరునీ నమ్మలేదు.

ఇప్పుడతను అదే ఊళ్ళో కాసిడీహ్‌లో ఒక చిన్న కంపెనీ ఆఫీసుకి స్టోరూ సరంజామా చూస్తాడు. ఆఫీసు రిసెప్షన్‌కి కొత్తగా సోఫాలు, గాజు తలుపు, రెండు కంప్యూటర్లు వచ్చాయి. అక్కడ బల్ల వెనక కూర్చునేది చిలకమ్మ కూతురు పద్మశ్రీ. "నా కళ్ళ ముందుంటాది, భయం నేదు" అని అక్కని ఒప్పించి పిల్లని ఆ ఉద్యోగంలో పెట్టింది పోలరాజే. నిప్పార్పే సిలిండర్లు కొనే పని కూడా యజమాని అతనికే అప్పజెప్పాడు. రేపు ఏదైనా జరిగితే కాలేది మేనకోడలు అనుకునేసరికి అతనికి అన్నం సహించలేదు.

సాక్చీ బజారులో ఆ సామాను అమ్మే నీలకంఠం కూడా టెక్కలి వైపువాడే. పోలరాజు అనుమానం రెట్టింపవడానికి అది చాలు. ఊరివాడైతే మొహమాటపెట్టి అంటగడతాడని అతని సిద్ధాంతం.

"పొడి కొట్టే సిలిండరు పెద్దదొకటి ఇచ్చీ, సరిపోద్ది" అన్నాడు పోలరాజు.

"ఒద్దు బాబూ. తలుపులేసిన గదిలో పొడి కొడితే దారి కనపడదు. పిల్ల ఎటు పరిగెడతాది? కంప్యూటర్లూ పోతాయి. బల్ల కాడ గ్యాసుది పెట్టు, సోఫాల కాడ నీళ్ళది పెట్టు. నీళ్ళది మాత్రం కరెంటు మీద కొట్టకూడదు."

ఒకటి అడిగితే రెండంటున్నాడు. పోలరాజు గ్యాసు సిలిండరుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంతుందో సూపించే ముల్లు దీనికి నేదేటి?"

"గ్యాసుదానికి ముల్లుండదు, తూకమే గురుతు. కాళీ బరువు, నిండు బరువు ఒంటి మీద కొట్టుంటాది, సూసుకో."

పోలరాజు నచ్చితేనే కొంటానని చెప్పి, గ్యాసువి పెద్దదీ చిన్నదీ ఆఫీసుకి తెచ్చి, స్టోరులో బోల్టులు తూచే కాటా మీద పెట్టాడు. తూకం సరిపోయింది. కాటా మీదే అనుమానం వచ్చి వీధి చివర ఇనపకొట్టుకి మోసుకెళ్ళాడు. అక్కడా సరిపోయింది. తర్వాత పెద్దదీ చిన్నదీ పద్మశ్రీ చేత ఎత్తించాడు. పెద్దదానికి ఆమె నడుం వంగిపోయింది. చిన్నది సులువుగా ఎత్తి, "యే వాలా ఠీక్ హై, మామా" అని, ఇదే బాగుందని తనకలవాటైన హిందీలో చెప్పింది. ఆ చిన్న గ్యాసుదీ, నీలకంఠం చెప్పిన నీళ్ళదీ కొన్నాడు. కొన్నాడే గానీ నమ్మలేదు.

విశ్వకర్మ పూజనాడు టాటాలో బొట్టు లేని ఇనుము కనపడదు. లేతు మిషనుకీ జీపుకీ కంప్యూటరుకీ కుంకుమ పెట్టి ఎర్ర దారం కడతారు. పంతులు దారపు ఉండ పోలరాజు చేతిలో పెట్టి మిగతావాటికి కట్టమన్నాడు. గ్యాసు సిలిండరు దగ్గరికొచ్చాక పోలరాజు ఆగాడు. చూసిపోయే వంకన నీలకంఠం మనుషులొచ్చి లోపలి గ్యాసు లాగేసుకుంటే? దారాన్ని, నొక్కే ముందు లాగాల్సిన పిన్నులోంచి దూర్చి, పిడి చుట్టూ తిప్పి తిప్పి, ముడి మీద ముడి వేశాడు. ఎవరు ముట్టుకున్నా తెలిసిపోతుంది. భక్తికి భక్తి, కాపలాకి కాపలా అనుకుని సంతోషించాడు.

మధ్యాహ్నం అందరూ పెరట్లో ఖిచిడీ తింటున్నారు. రిసెప్షన్‌లో పటం ముందున్న దీపం రంగుకాగితాల తోరణానికి అంటుకుంది. తోరణం ఊడి కంప్యూటరు వైర్ల మీద పడింది. కేక విని పోలరాజు పరిగెత్తేసరికి పద్మశ్రీ సిలిండరు పట్టుకుని పిన్ను లాగుతోంది.

"మామా, నికల్ నహీఁ రహా." ఎంత లాగినా అది ఊడి రావడం లేదు.

"సెప్పేనా, దొంగ సరుకని" అంటూ పోలరాజు జేబులోంచి ఫోను తీసి నీలకంఠాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఆడలేక మద్దెల ఓడనేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. మంట ముందు నిలబడి ఆ మాటనేవాణ్ణి మాత్రం ఇక్కడే చూస్తాం. అతనలా అరుస్తుండగానే పద్మశ్రీ దారాన్ని పళ్ళతో కొరికి తెంపింది. పిన్ను ఊడొచ్చింది. గ్యాసు బుసకొట్టి మంటను ఆర్పేసింది. కానీ అప్పటికే ఆమె ఎడమచెయ్యి కాలి బొబ్బ లేచింది.

నీలకంఠం స్కూటరు మీద రొప్పుతూ వచ్చాడు. ముందు పిల్ల చేతిని కుళాయి కింద పెట్టించాడు. తర్వాత సిలిండరు అందుకుని, కింద పడ్డ పిన్నుకి వేలాడుతున్న దారం చూశాడు.

"ఈ ముడెవరేసేరు?"

పద్మశ్రీ తలొంచుకుంది. ఆమె మామ పేరు బయటపెట్టకపోవడం చూసి పోలరాజే ముందుకొచ్చాడు.

"నానే" అన్నాడు. "నీ మీద నమ్మకం నేక కట్టేను."

నీలకంఠం ఆ దారాన్ని విప్పి పారేశాడు. మళ్ళీ నింపి తెస్తానని సిలిండరు తీసుకుపోయాడు. పోలరాజు తూకం గురించి అడగలేదు. మేనకోడలి పక్కన కూర్చుని కాలిన చేతిని చూశాడు.

"అది తిరిగొచ్చినాక ఎవరు ముట్టుకున్నా పరవాలేదమ్మా" అన్నాడు. "నాను దాని దగ్గరికి వత్తే మాత్రం కన్నేసి ఉంచు."